చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్ లెక్కలు చదవడం ఎలా: న్యూజెర్సీలోని తెలుగు తల్లిదండ్రుల కోసం

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు మొదట అడిగేది పడకగదులు ఎన్ని అని కాదు, స్కూల్ రేటింగ్ ఎంత అని. పదికి తొమ్మిది అని తెలిస్తే ఇంకో ముప్పై వేల డాలర్లు ఎక్కువైనా సరేనంటారు. ఆ తొమ్మిదిని నిలబెడుతున్నది ఎవరు, ఏ డబ్బుతో, ఆ డబ్బు వచ్చే ఏడాది కూడా ఉంటుందా అని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. మేం ఈ ఊరు వచ్చిన మూడో ఏడు, మే నెలలో, బడిలో వయొలిన్ నేర్పే టీచరు ఉద్యోగం తీసేస్తున్నారని మా అమ్మాయి ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఆ వారమే స్కూల్ బోర్డు సమావేశానికి పరుగెత్తి, వంతు రాగానే లేచి కాస్త గట్టిగానే మాట్లాడాను. బోర్డు సభ్యుడొకాయన ఓపికగా విని చెప్పాడు: "బడ్జెట్ ముసాయిదా మార్చిలోనే పెట్టాం. ఏప్రిల్ ఆఖర్లో బహిరంగ విచారణ జరిపాం. ఆ రోజు ఈ హాల్లో ఇద్దరే ఉన్నారు."

ఆ ఇద్దరిలో నేను లేను. అప్పటినుంచి నేర్చుకున్నది, ఏ వరసలో నేర్చుకుని ఉంటే బాగుండేదో ఆ వరసలో రాస్తున్నాను. ఇది న్యూజెర్సీకి సంబంధించిన మాట. వేరే రాష్ట్రంలో ఉన్నవారికి పద్ధతి ఉపయోగపడుతుంది, చట్టాలూ తేదీలూ మారతాయి.

1. మీరు ఏ డిస్ట్రిక్టులో ఉన్నారో తేల్చుకోండి

డిస్ట్రిక్ట్ అనగానే మనకు జిల్లా, కలెక్టరు, డీఈఓ గుర్తొస్తారు. ఇక్కడ ఆ పోలిక పనికిరాదు. మన జిల్లాకు దగ్గరగా ఉండేది కౌంటీ; న్యూజెర్సీలో అవి 21. మునిసిపాలిటీలు 564. స్కూల్ డిస్ట్రిక్టులేమో సుమారు 600. కొన్ని డిస్ట్రిక్టులంటే ఒకే ఒక్క భవనం, అందులో మూడు నాలుగు వందల మంది పిల్లలు, అంతే. 2009కి ముందు ఒక్క బడి కూడా లేని డిస్ట్రిక్టులు డజనుకు పైగా ఉండేవి. పిల్లల్ని పక్క ఊరికి పంపి ఫీజు కట్టడమే వాటి పని.

కాబట్టి ముందు చూడాల్సింది: మీ ఊరి డిస్ట్రిక్ట్ పన్నెండో తరగతి దాకా ఉందా, ఎనిమిదితో ఆగిపోతుందా? ఆగిపోతే హైస్కూలు ఎక్కడ? ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది ప్రాంతీయ హైస్కూల్ డిస్ట్రిక్ట్. మార్ల్‌బరో, మనలాపన్ పిల్లలు ఎనిమిది దాకా సొంత ఊరి బడిలో చదివి, తర్వాత ఎనిమిది ఊళ్లకు కలిపి ఉన్న ఫ్రీహోల్డ్ రీజినల్ హైస్కూల్ డిస్ట్రిక్టుకు వెళ్తారు. అంటే మీకు రెండు బోర్డులు, రెండు బడ్జెట్లు. రెండోది పంపే ఊరు, తీసుకునే ఊరు పద్ధతి. క్రాన్‌బరీ పిల్లలు హైస్కూలుకు ప్రిన్స్‌టన్ వెళ్తారు, బ్రాంచ్‌బర్గ్ పిల్లలు సోమర్‌విల్ వెళ్తారు. పంపే ఊరు తలకింత అని ట్యూషన్ ఫీజు కడుతుంది. తీసుకునే చోట ఆ పిల్లలు పది శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే, అక్కడి బోర్డులో పంపే ఊరికి ఒక ప్రతినిధి ఉంటారు. ఆ ప్రతినిధి అన్ని విషయాల మీదా ఓటు వేయలేరు.

ఇల్లు అమ్మేవారు ఎనిమిదో తరగతి దాకా ఉన్న బడి రేటింగ్ చూపించి, హైస్కూలు సంగతి వచ్చేసరికి మాట మార్చేస్తుంటారు. అది మీరే అడగండి. ఇంకో మాట: "ఇది జే డిస్ట్రిక్ట్ అండీ" అని ఎవరైనా అంటే మురిసిపోకండి. ఏ నుంచి జే దాకా ఉన్న ఆ అక్షరాలు ఊరి ఆర్థిక, సామాజిక స్థాయిని బట్టి పెట్టినవి, చదువును బట్టి కాదు. చివరిసారి 2000 జనాభా లెక్కలతో తయారుచేశారు, ఆ తర్వాత రాష్ట్రం వాటిని పక్కన పెట్టేసింది. రియల్టర్ల నోళ్లలో మాత్రం ఇంకా బతికే ఉన్నాయి.

2. ఆస్తి పన్ను బిల్లు బయటికి తీయండి

మనలో చాలామంది ఈ బిల్లును కళ్లతో చూసి ఉండరు. ఇంటి అప్పు ఇచ్చిన సంస్థే ఎస్క్రో ఖాతా నుంచి మూడు నెలలకోసారి కట్టేస్తుంది. బిల్లు మీద మీ పన్ను ముక్కలుగా విడిపోయి ఉంటుంది: కౌంటీకి ఇంత, మునిసిపాలిటీకి ఇంత, ఊరి బడికి ఇంత, ప్రాంతీయ హైస్కూలు ఉంటే దానికి ఇంత. బడి పద్దులు రెండూ కలిపి చూడండి. రాష్ట్రం మొత్తం మీద చూస్తే ఆస్తి పన్నులో సగానికి కాస్త ఎక్కువ బడులకే పోతోంది. 2024లో రాష్ట్ర సగటు బిల్లు మొదటిసారి 10,000 డాలర్లు దాటింది. అంటే నెలకు నాలుగు వందల డాలర్ల పైన బడికి కడుతూ, ఆ బడి ఖాతా ఎప్పుడూ చూడకుండా ఉన్నామన్నమాట. కేబుల్ బిల్లు ఐదు డాలర్లు పెరిగితే మాత్రం ఫోను చేసి దెబ్బలాడతాం.

3. బడ్జెట్ చదవండి, అసలు పని ఇక్కడే ఉంది

ప్రతి డిస్ట్రిక్టూ తన వెబ్‌సైటులో 'యూజర్ ఫ్రెండ్లీ బడ్జెట్' పేరుతో ఒక పత్రం పెట్టాలి. పేరులో ఉన్నంత స్నేహం లోపల కనిపించదు. అయినా పేజీలు కొన్నే, ఒక సాయంత్రం సరిపోతుంది. ఆర్థిక సంవత్సరం జులై 1 నుంచి జూన్ 30 వరకు.

ముందు ఆదాయం వైపు చూడండి. పెద్ద పద్దు లోకల్ టాక్స్ లెవీ, అంటే మీ ఊరి ఆస్తి పన్ను నుంచి వచ్చేది. తర్వాత రాష్ట్ర సాయం. కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చేది చిన్న మొత్తం.

రాష్ట్ర సాయం ఎలా లెక్కిస్తారో ఒక్కసారి అర్థం చేసుకుంటే ఊళ్లో జరిగే సగం వాదనలు అర్థమవుతాయి. "సమగ్రమైన, సమర్థమైన" ఉచిత విద్య అందరికీ ఇవ్వాలని 1875 నుంచీ న్యూజెర్సీ రాజ్యాంగంలో ఉంది. పేద పట్టణాల పిల్లల తరఫున నడిచిన ఆబట్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ మాటను పట్టుకునే 1985 నుంచి తీర్పు వెంట తీర్పు ఇచ్చింది. ఆ సుదీర్ఘ వ్యాజ్యం తర్వాత వచ్చినదే 2008 నాటి నిధుల చట్టం. దాని ప్రకారం ఒక్కో పిల్లవాడికి కనీస ఖర్చు ఇంత అని కట్టి, పేద పిల్లలకూ ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకూ అదనంగా కలిపి, డిస్ట్రిక్టుకు ఎంత అవసరమో తేలుస్తారు. తర్వాత ఆ ఊరి ఆస్తుల విలువ, ఆదాయాలు చూసి, ఊరు ఎంత భరించగలదో లెక్కకడతారు. తేడాను రాష్ట్రం ఇస్తుంది. మన వాళ్లు ఇళ్లు కొనే ఊళ్లు చాలావరకు ఉన్నవాళ్ల ఊళ్లే కాబట్టి ఆ తేడా తక్కువగానో సున్నాగానో ఉంటుంది. ప్రత్యేక విద్యకు, రవాణాకు, భద్రతకు ఇచ్చే సాయం మాత్రం వస్తుంది. పిల్లల సంఖ్య తగ్గినా పాత సాయమే అందుకుంటున్న డిస్ట్రిక్టులకు 2018లో వచ్చిన చట్టంతో ఏడేళ్లపాటు కోత పడింది. మీ డిస్ట్రిక్ట్ అందులో ఉందేమో గత పదేళ్ల సాయం పద్దు పక్కపక్కన రాసుకుంటే తెలిసిపోతుంది.

ఇప్పుడు రెండు శాతం సంగతి. ఏ డిస్ట్రిక్ట్ అయినా పన్ను లెవీని ఏడాదికి రెండు శాతానికి మించి పెంచకూడదని 2010లో చట్టం చేశారు. ఆరోగ్య బీమా పెరుగుదలకు, పిల్లల సంఖ్య పెరిగినందుకు కొంత మినహాయింపు ఉంది. ఒక ఏడాది వాడుకోని పెంపును మూడేళ్ల దాకా దాచుకోవచ్చు. ఇవి కాక ఇంకా పెంచాలంటే ఓటర్లను అడగాలి. వినడానికి పన్ను కట్టేవాడికి మేలే అనిపిస్తుంది. చిన్న డిస్ట్రిక్టులో అది ఎలా బిగుసుకుంటుందో కాగితం మీద వేసి చూద్దాం.

ఆరు వందల మంది పిల్లలున్న ఒక డిస్ట్రిక్ట్ అనుకుందాం. మొత్తం బడ్జెట్ 1.5 కోట్ల డాలర్లు. అందులో లెవీ 1.2 కోట్లు. రెండు శాతం అంటే వచ్చే ఏడాది కొత్తగా వచ్చేది 2.4 లక్షలు. ఖర్చు వైపు జీతాలు 90 లక్షలు; టీచర్ల ఒప్పందంలో మూడు శాతం పెంపు ఉంది, 2.7 లక్షలు. అక్కడికే వచ్చింది చాల్లేదు. ఆరోగ్య బీమా 22 లక్షలు, పన్నెండు శాతం పెరిగింది, ఇంకో 2.6 లక్షలు. ఆగస్టులో ఒక కుటుంబం ఊళ్లోకి వచ్చింది. వాళ్ల బాబుకు కావలసిన ప్రత్యేక విద్య ఈ బడిలో లేదు, బయటి బడికి పంపాలి. ఫీజు, వ్యాను కలిపి లక్ష. ఆ బాబుకు అది చట్టబద్ధమైన హక్కు, అందులో బేరానికి తావు లేదు. అలాంటి పెద్ద ఖర్చులో కొంత రాష్ట్రం తర్వాత తిరిగి ఇస్తుంది, కానీ అంతా ఇవ్వదు. మొత్తం కొత్త ఖర్చు 6.3 లక్షలు, కొత్త రాబడి 2.4 లక్షలు. లోటు దాదాపు 4 లక్షలు. బీమా మినహాయింపు వాడుకుంటే కాస్త తగ్గుతుంది, పూడదు.

మిగులు నిధి ఉంది కదా అంటారా? మామూలు మిగులును బడ్జెట్‌లో రెండు శాతం లేదా 2.5 లక్షల డాలర్లు, ఏది ఎక్కువైతే అంతకు మించి ఉంచుకోకూడదు. మన ఉదాహరణలో 3 లక్షలు. అది మొత్తం ఊడ్చినా ఒక్క ఏడాదికి కూడా చాలదు. వయొలిన్ టీచరు ఉద్యోగం పోయేది ఇక్కడే. ఎవరో సంగీతమంటే గిట్టక చేసిన పని కాదది. నేను ఆ రోజు అరిచింది తప్పు మనుషుల మీద అని అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

వేల మంది పిల్లలున్న డిస్ట్రిక్టులో లక్ష డాలర్ల పొరపాటు కనిపించదు. చిన్న చోట అది ఒక మనిషి ఉద్యోగం.

కాబట్టి బడ్జెట్‌లో మీ కన్ను పడాల్సిన చోట్లు ఇవి. ఆదాయంలో మిగులు నిధి నుంచి తీసినది ఎంత, అది ఏటా పెరుగుతోందా? రోజువారీ ఖర్చు కోసం రిజర్వులు తింటున్నారంటే రెండు మూడేళ్లలో గొయ్యి బయటపడుతుంది. కోవిడ్ కాలంలో కేంద్రం ఇచ్చిన డబ్బుతో పెట్టిన ఉద్యోగాలు ఇప్పుడు ఏ పద్దులో ఉన్నాయి? ఆ డబ్బుకు గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. బయటి బళ్లకు కట్టే ట్యూషన్ ఎంత, మూడేళ్ల క్రితం ఎంత? క్యాపిటల్ రిజర్వులో, అంటే భవనాల పనుల కోసం దాచిన నిధిలో, ఎంత ఉంది? పైకప్పు వయసెంత? చివరి ప్రశ్న తమాషాకు అడగలేదు. రిజర్వు ఖాళీగా ఉండి పైకప్పు కారుతుంటే, తర్వాత వచ్చేది బాండ్ల రెఫరెండం, అంటే అప్పు తేవడానికి ఓటర్ల అనుమతి అడగడం. దాని వాయిదాల పన్ను రెండు శాతం పరిధిలోకి రాదు. అర్హమైన నిర్మాణ ఖర్చులో కనీసం నలభై శాతం రాష్ట్రం భరిస్తుందని రెఫరెండం కరపత్రం మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. 'అర్హమైన' అన్న మాట చిన్నదిగా ఉంటుంది. ఎంత భాగం అర్హమైనదో అడగండి.

4. పక్క ఊరితో పోల్చండి, సరిసమానమైన ఊరితోనే

తలసరి ఖర్చు ఎక్కువ కనిపించగానే దుబారా అని తేల్చేయకండి. రాష్ట్ర విద్యాశాఖ ఏటా 'టాక్స్‌పేయర్స్ గైడ్ టు ఎడ్యుకేషన్ స్పెండింగ్' పేరుతో పట్టికలు పెడుతుంది. అందులో డిస్ట్రిక్టులను రకాన్నీ పరిమాణాన్నీ బట్టి గుంపులు చేస్తారు. ఎనిమిదో తరగతి దాకా ఉన్నవాటిలో 400 మంది వరకు ఒక గుంపు, 401 నుంచి 750 ఒకటి, ఆ పైన ఒకటి. మీ గుంపులోనే పోల్చండి. చిన్న డిస్ట్రిక్టుకు కూడా బళ్లను నడిపించే ఒక సూపరింటెండెంట్ ఉండాలి, డబ్బు లెక్కలు చూసే ఒక బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ ఉండాలి, ఆడిట్ జరగాలి, బాయిలర్ వెలగాలి. మూడు వందల మంది మీద పంచినా మూడు వేల మంది మీద పంచినా ఆ ఖర్చులు పెద్దగా తగ్గవు. అందుకే చాలా చోట్ల సూపరింటెండెంటే ప్రిన్సిపాల్‌గా కూడా ఉంటారు, బిజినెస్ అడ్మినిస్ట్రేటర్‌ను రెండు ఊళ్లు పంచుకుంటాయి.

"మరి కలిపేయొచ్చు కదా?" అని మీకు తోచి ఉంటుంది. అప్పుడప్పుడు కలుపుతారు కూడా. లాంబర్ట్‌విల్, స్టాక్టన్, వెస్ట్ ఆమ్‌వెల్ కలిసి 2014లో సౌత్ హంటర్‌డన్ రీజినల్ అయ్యాయి. అట్లాంటిక్ హైలాండ్స్, హైలాండ్స్ 2024లో హెన్రీ హడ్సన్ రీజినల్‌తో ఒకటయ్యాయి. కలపాలన్న మాట వచ్చిన ప్రతిచోటా పేచీ ఒక్కటే: ఖర్చును ఊళ్ల మధ్య ఆస్తి విలువను బట్టి పంచాలా, పిల్లల సంఖ్యను బట్టి పంచాలా? ఇళ్ల ధరలు ఎక్కువగా ఉన్న ఊరు పిల్లల్ని లెక్కపెట్టమంటుంది, రెండో ఊరు ఇళ్ల విలువ చూడమంటుంది. ఉమ్మడి కుటుంబం వేరుపడేటప్పుడు విన్న వాదనలే అటుదిటు చేసి వినిపిస్తాయి.

5. మార్కులు చూడండి, కానీ నెమ్మదిగా

రాష్ట్రం పెట్టే పరీక్షను ఎన్‌జేఎస్‌ఎల్‌ఏ అంటారు. 2025 వరకు వచ్చిన ఫలితాలు 650 నుంచి 850 మధ్య స్కేలు మీద, ఐదు స్థాయిలుగా ఉంటాయి. 750, ఆపైన వస్తే నాలుగో స్థాయి, అంటే ఆ తరగతికి తగినట్టు చదువుతున్నట్టు. 2020లో, 2021లో పరీక్షే జరగలేదు, గీతలో ఆ ఖాళీ చూసి కంగారు పడకండి.

మూడో తరగతిలో 22 మంది. పధ్నాలుగు మంది నాలుగో స్థాయి దాటారు, 64 శాతం. మరుసటి ఏడాది మూడో తరగతిలో 20 మంది, పదహారు మంది దాటారు, 80 శాతం. సూపరింటెండెంట్ తెర మీద పచ్చ బాణం వేసి పదహారు శాతం మెరుగుదల అంటారు, హాల్లో చప్పట్లు. నిజానికి అదనంగా గట్టెక్కినవాళ్లు ఇద్దరు, పైగా వీళ్లు వేరే పిల్లలు. ఆ ఏడాది ఒక్క కవల జంట ఊళ్లోకి వచ్చినా అంత మార్పు వస్తుంది. బాణం కిందికి తిరిగిన ఏడాది టీచర్ని తిట్టడం కూడా ఇంతే అర్థం లేని పని.

చిన్న బడిలో నమ్మదగిన చూపులు రెండు. మొదటిది, ఒకే గుంపు వెంట నడవడం: 2023లో మూడో తరగతి, 2024లో నాలుగు, 2025లో ఐదు. కాస్త అటూ ఇటూగా అదే పిల్లలు; వాళ్ల గీత ఎటు పోతోంది? రెండోది, రాష్ట్రం ఇచ్చే స్కూల్ పెర్ఫార్మెన్స్ రిపోర్టులో 'గ్రోత్ పర్సంటైల్' అనే అంకె. పిల్లవాడు నిరుడు ఎక్కడ ఉన్నాడో, అలాంటి మార్కులే వచ్చిన మిగతా రాష్ట్రంలోని పిల్లలతో పోలిస్తే ఈ ఏడాది ఎంత ముందుకు వచ్చాడో చెబుతుంది. 50 అంటే మధ్యస్థం. ఎనభై శాతం పిల్లలు పాసై గ్రోత్ 38 ఉన్న బడి ఒకటి, అరవై శాతమే పాసై గ్రోత్ 60 ఉన్న బడి ఒకటి పక్కపక్కన ఉంటే, నేను రెండోదాన్ని తలుపు తట్టి చూస్తాను.

ఎందుకంటారా? మొదటి బడిలో సాయంత్రం ఆరింటికి పార్కింగ్ లాట్ చూడండి. లెక్కల ట్యూషన్‌కు ఒక కారు, అబాకస్‌కు ఒక కారు, స్పెల్లింగ్ బీ తర్ఫీదుకు ఒక కారు. ఆ మార్కుల్లో బడి వాటా ఎంత, మన ఇంటి వాటా ఎంత అన్నది రేటింగ్ అంకె విడదీసి చెప్పదు. మన పిల్లలే పెంచిన రేటింగ్ చూసి, మనవాళ్లే ఇంకా ఎక్కువ ధర పెట్టి అక్కడికే వస్తున్నారు.

పదిమంది కంటే తక్కువ ఉన్న గుంపుల ఫలితాలు పిల్లల గోప్యత కోసం బయట పెట్టరు. అందువల్ల చిన్న బడిలో ప్రత్యేక విద్య పిల్లలు ఎలా చదువుతున్నారో పట్టికలో కనిపించదు, నక్షత్రం గుర్తు ఉంటుంది. దానర్థం అంతా బాగుందని కాదు. ఆ తల్లిదండ్రుల్లో ఒకరితో మాట్లాడితే పట్టికకు మించిన సంగతి తెలుస్తుంది.

ఇంకో అంకె మన గురించే. ఏడాదిలో పది శాతం రోజులు, ఆపైన రాని పిల్లల్ని 'క్రానిక్ ఆబ్సెంట్' అంటారు, బడి పనితీరు లెక్కలో అది కూడా ఉంటుంది. బడి రోజులు 180, అంటే 18 రోజులు. టికెట్లు చౌకగా దొరికాయని క్రిస్మస్ సెలవులకు ఇటొక వారం, సంక్రాంతి దాటేదాకా అటొక రెండు వారాలు కలిపి ఊరు వెళ్లొస్తే పదిహేను రోజులు పోయినట్టే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జ్వరం వస్తే మీ అమ్మాయి ఆ జాబితాలో చేరుతుంది. రెండు వందల మంది బడిలో ఆరు కుటుంబాలు, ఇంటికి ఇద్దరు పిల్లలతో ఇలా వెళ్తే ఆరు శాతం. వెళ్లొద్దని అనను, అమ్మమ్మా తాతయ్యా ఎదురు చూస్తుంటారు. ముందుగా బడికి ఉత్తరం రాసి, రోజులు లెక్కపెట్టుకుని వెళ్లండి.

6. బోర్డు సమావేశానికి వెళ్లండి, గొడవ లేనప్పుడు

బోర్డు సభ్యులు జీతం లేని మనుషులు, ఎక్కువ చోట్ల మూడేళ్ల పదవీకాలానికి ఎన్నికైనవారు. ఒక్కో సభ్యుడికి ఒంటరిగా ఏ అధికారమూ లేదు, అందరూ కూర్చుని ఓటు వేస్తేనే అది నిర్ణయం. సూపరింటెండెంట్‌ను నియమించేది బోర్డు. టీచర్లను మాత్రం సూపరింటెండెంట్ సిఫారసు చేస్తేనే నియమించగలదు. కాబట్టి కిరాణా కొట్లో బోర్డు సభ్యురాలు కనిపిస్తే ఫలానా టీచర్ని మార్చమని అడగకండి. ఆమె చేయగలిగింది లేదు, చేయకూడదు కూడా.

సమావేశం సాధారణంగా సాయంత్రం ఏడు, ఏడున్నరకు, బడి లైబ్రరీలోనో భోజనశాలలోనో. అజెండా ముందుగానే వెబ్‌సైటులో ఉంటుంది, ఇంట్లోనే చదవండి. అక్కడ చాలా తీర్మానాలు ఒకే గుత్తిగా, ఒకే ఓటుతో నిమిషంలో అయిపోతాయి. ముఖ్యమైనవి ఆ గుత్తిలోనే ఉంటాయి. సిబ్బంది విభాగంలో రాజీనామాలు చూడండి. రెండేళ్లలో ముగ్గురు లెక్కల టీచర్లు వెళ్లిపోతే అది ఏ రేటింగ్‌లోనూ కనపడని వార్త. బిల్లుల జాబితాలో లాయరు ఖర్చు, సబ్‌స్టిట్యూట్ టీచర్ల ఖర్చు చూడండి. జూన్ అజెండాలో 'క్యాపిటల్ రిజర్వుకు ఇంత వరకు బదిలీ' అనే తీర్మానం ఉందంటే ఆ ఏడాది డబ్బు మిగిలిందన్నమాట. మార్చిలో లేదన్న డబ్బు జూన్‌లో ఎలా మిగిలిందని మర్యాదగా అడగవచ్చు. జవాబు చాలాసార్లు సబబుగానే ఉంటుంది. కానీ అడిగేవాళ్లున్నారని తెలియడం మంచిది.

బహిరంగ సమావేశాల చట్టం 1975 నుంచి ఉంది. దాని ప్రకారం ప్రజలు మాట్లాడడానికి ప్రతి సమావేశంలోనూ సమయం కేటాయించాలి. తలుపులు మూసి మాట్లాడుకోవాలంటే ఎందుకో ముందు బహిరంగంగా తీర్మానం చేయాలి. ఒక ఉద్యోగి గురించి అలా చర్చించేముందు ఆ వ్యక్తికి 'రైస్ నోటీసు' ఇస్తారు. బియ్యంతో సంబంధం లేదు, 1977 నాటి కేసులోని పేరది. అజెండాకు ముందు అలాంటి నోటీసులు వెళ్లాయని బయటికి పొక్కితే ఊళ్లో కబుర్లు మొదలవుతాయి, మీరు అందులో చేరకండి.

మీకు దొరికేది మూడు నిమిషాలు, కొన్ని చోట్ల ఐదు. పేరు, ఊరు చెప్పి ఒక్క ప్రశ్న అడగండి. "మా పిల్లలకు సంగీతం ఎందుకు తీసేస్తున్నారు?" అంటే బోర్డు అధ్యక్షురాలు తలూపి ధన్యవాదాలు చెబుతారు. "ముసాయిదాలో మిగులు నిధి నుంచి 2.5 లక్షలు తీశారు, నిరుడు 1.5 లక్షలు తీశారు. వచ్చే ఏడాది ఆ స్థానంలో ఏం వస్తుంది?" అంటే బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ కాగితాలు తిప్పుతారు. ప్రశ్నను రెండు రోజుల ముందు ఆయనకు మెయిల్ చేస్తే ఇంకా మంచిది. ఆయన్ని ఇరుకున పెట్టడం మీ పని కాదు, జవాబు రాబట్టడం మీ పని. టీచర్ల పేర్లు, పిల్లల పేర్లు మైకులో ఎత్తకండి.

క్యాలెండర్‌లో ఇవి గుర్తు పెట్టుకోండి: ఫిబ్రవరి ఆఖరుకో మార్చి మొదట్లోనో గవర్నర్ బడ్జెట్ ప్రసంగం, వెంటనే డిస్ట్రిక్టుల వారీగా సాయం అంకెలు. మార్చిలో ముసాయిదా. ఏప్రిల్ ఆఖరు, మే మొదటి వారంలో బహిరంగ విచారణ. మే 15లోపు పర్మనెంట్ కాని టీచర్లకు వచ్చే ఏడాది ఉద్యోగం ఉందో లేదో చెప్పాలి. మాట్లాడాల్సింది మార్చిలో. మే నెల కన్నీళ్లకు.

7. వెబ్‌సైటులో లేనిది అడిగి తీసుకోండి

2002 నుంచి అమల్లో ఉన్న ప్రజా పత్రాల చట్టాన్ని ఇక్కడ ఓప్రా అంటారు. మన సమాచార హక్కు చట్టానికి అన్నలాంటిది, మూడేళ్లు పెద్ద. డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులోని ఫారం నింపి పంపితే మామూలుగా ఏడు పనిదినాల్లో జవాబివ్వాలి. పౌరసత్వం అక్కర్లేదు, హెచ్1బీ మీద ఉన్నవారూ అడగవచ్చు. ఒక్క కిటుకు: ప్రశ్న అడగకూడదు, కాగితం అడగాలి. "ట్యూషన్ ఖర్చు ఎందుకు పెరిగింది?" అంటే తిప్పి పంపుతారు. "బోర్డు సెక్రటరీ నెలవారీ నివేదిక, గత సంవత్సరం జనవరి నుంచి జూన్ వరకు" అంటే పీడీఎఫ్ మెయిల్లో వస్తుంది. ఏటా జరిగే ఆడిట్ నివేదిక, దాంతో పాటు ఆడిటర్ సూచనల పత్రం కూడా తెప్పించుకోండి. ఒకే సూచన వరుసగా మూడేళ్లు కనిపిస్తే దాని మీదే మీ మూడు నిమిషాలు ఖర్చు పెట్టండి. టీచర్ల ఒప్పందాలకు ఓప్రా కూడా అక్కర్లేదు, రాష్ట్ర ఉద్యోగ సంబంధాల కమిషన్ వెబ్‌సైటులో ఉంటాయి.

8. కుర్చీ ఖాళీగా ఉంటే

అన్నీ చదివాక మీకు ఒకటి తోస్తుంది: బల్లకు అవతల కూర్చున్నవారు మనలాంటివాళ్లే, కొందరికి ఈ లెక్కలు మనకన్నా తక్కువ తెలుసు. చిన్న ఊళ్లలో పోటీ లేకుండానే గెలిచేవారుంటారు. అభ్యర్థే లేక, ఓటర్లు చేత్తో రాసిన పేరుకు పడ్డ కొద్దిపాటి ఓట్లతో సభ్యులైనవారూ ఉంటారు.

నిలబడాలంటే అమెరికా పౌరులై, ఓటరుగా నమోదై, ఆ డిస్ట్రిక్టులో కనీసం ఏడాదిగా ఉంటుండాలి. గ్రీన్ కార్డుతో కుదరదు, ఓటు కూడా ఉండదు. గ్రీన్ కార్డు కోసం ఏళ్లు గడుపుతున్నవారికి ఈ మాట చేదుగా ఉంటుందని తెలుసు. వాళ్లకు మైకు ఉంది, ఓప్రా ఉంది, కొన్ని డిస్ట్రిక్టుల్లో బయటివారిని తీసుకునే సలహా సంఘాలున్నాయి.

పౌరసత్వం వచ్చినవారికి ఆ సాకు లేదు. ఎన్నిక ఎక్కువ డిస్ట్రిక్టుల్లో నవంబరులోనే. ఎంతమంది సంతకాలు కావాలో కౌంటీ క్లర్కు ఇచ్చే ఫారంలో ఉంటుంది. అవసరమైనదానికంటే పది ఎక్కువే చేయించండి, ఊరి సరిహద్దు అవతలివాళ్లవి కొట్టేస్తారు. ఫారం అందజేయడానికి గడువు జులై చివరి సోమవారం, సాయంత్రం నాలుగు గంటలు. మన వాళ్లు సగం మంది ఆ సమయానికి ఇండియాలో ఉంటారు. టికెట్లు కొనేముందు తేదీ చూసుకోండి.